రిటైరైనవాళ్ల మనసుకూ వైద్యం కావాలి

కడప జిల్లా కలెక్టర్ గారికి,

ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి గనులు, కలమళ్ల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం. ఇక్కడి బతుకులు షిఫ్టులతో నడిచాయి. రిటైరయ్యాక కూడా డ్యూటీ వేళకే మెలకువ వస్తుంది, పోవాల్సిన చోటు మాత్రం ఉండదు. క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకు ఇల్లు, ఇరుగుపొరుగు కూడా ఒక్కసారే దూరమవుతాయి. నిద్ర పట్టదు, మాట తగ్గిపోతుంది. ఇంట్లోవాళ్లు వయసు మీదపడిందనుకుంటారు. అది డిప్రెషన్ కావచ్చు, దానికి వైద్యం ఉంది.

2014లో ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్) కింద కనీస పింఛను నెలకు 1,000 రూపాయలుగా పెట్టారు. అంత తక్కువతో బతికేవాళ్లు డాక్టరు కోసం కడపదాకా ఎట్లా పోతారు?

అయ్యా, నెలకొకసారైనా మానసిక వైద్యుణ్ణి ఎర్రగుంట్లకు పంపండి. ఫోన్లో మానసిక సలహా ఇచ్చే, 2022లో మొదలైన ఉచిత టెలిమానస్ నంబరు 14416ను రిటైర్మెంటు కాగితాలతోపాటే చేతికివ్వమని యాజమాన్యాలకు చెప్పండి.

ఇట్లు,
ఎర్రగుంట్ల నివాసి