చిరుగు చూపి అమ్మితేనే బర్కత్

రమజాన్ మాసం ముగిసి, ఈద్ వెళ్ళిన కొద్ది రోజులకే మన పట్టణాల బట్టల దుకాణాలలో ఒక మార్పు కనిపిస్తుంది. పండుగకు అమ్ముడుపోక మిగిలిన సరుకును వ్యాపారులు లాటుగా కట్టి, వచ్చిన ధరకు వదిలించుకొంటారు. విజయవాడ వస్త్రలతలోనైనా, హైదరాబాదు మదీనా, పత్తర్‌గట్టీ వీధులలోనైనా ఇది ఏటేటా జరిగేదే. మునుపు ఆ మూటలు సంతలకు, తోపుడు బండ్లకు వెళ్ళేవి. ఇప్పుడు వాటిలో కొంత భాగం నేరుగా మన ఇళ్ళకు చేరుతున్నది. ఇంటి పట్టున ఉండే సోదరీమణులు, చదువుకొంటున్న యువకులు, చిరుద్యోగులు ఆ సరుకును ఫోనులో ఫొటోలు తీసి, వాట్సాప్ గ్రూపులలోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముతున్నారు. వాటితో పాటు ఒకటి రెండుసార్లు మాత్రమే తొడిగిన పెళ్ళి దుస్తులు, ఖడా దుపట్టాలు, షేర్వానీలు, పిల్లలకు పొట్టివైపోయిన చొక్కాలు కూడా చేతులు మారుతున్నాయి. ఈ వ్యాపారాన్ని గురించి మమ్మల్ని అడుగుతున్నవారు ఎక్కువయ్యారు. కనుక ఈ నెల శీర్షికను దీనికే కేటాయిస్తున్నాము.

అసలు ఇది ధర్మసమ్మతమేనా అన్నది మొదటి ప్రశ్న. నిస్సందేహంగా ధర్మసమ్మతమే. అల్లాహ్ వ్యాపారాన్ని హలాల్ చేసి, వడ్డీని హరామ్ చేసిన సంగతి సూరె బఖరా చదివిన ప్రతివారికీ తెలుసు. విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఖదీజా (రజి) మక్కాలో పేరుగాంచిన వర్తకురాలు. మదీనాకు వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఆయన అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపగా, ఆయన దుఆ చేసి, బజారుకు దారి చూపమని మాత్రమే కోరారు. నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి తన కాళ్ళపై తాను నిలిచారు. ఇక పాత వస్త్రం తొడగటంలో గాని, అమ్మటంలో గాని చిన్నతనమేమీ లేదు. దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని తామే కుట్టుకొనేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. పనికివచ్చే బట్టను పారవేయటం కన్నా అవసరమున్నవారికి తక్కువ ధరకు అందించటం దుబారాను ఆపే మంచి పని.

ఇతరులు తొడిగిన బట్టతో నమాజ్ చేయవచ్చునా అని కొందరు సందేహిస్తారు. వస్తువు విషయంలో మూలసూత్రం పరిశుభ్రతే. మాలిన్యం ఉన్నదని తెలిసినప్పుడే అది అపవిత్రమవుతుంది. అయినా అమ్మేవారు ఉతికి, ఇస్త్రీ చేసి అమ్మటం, కొన్నవారు మరొకసారి ఉతికి తొడగటం మర్యాద, మనశ్శాంతి కూడా.

వ్యాపారం హలాల్ అయినంత మాత్రాన దానిలో జరిగే ప్రతి పనీ హలాల్ కాదు. మాకు చేరిన ఒక ఉత్తరం దీనికి తగిన ఉదాహరణ. ఒక సోదరి పండుగ తర్వాత నలభై కుర్తీల లాటు కొన్నారు. ఇరవై రెండు అమ్మారు. వచ్చిన లాభం పిల్లల బడి ఫీజుకు సరిపోయింది. ఆ తర్వాత తాను ఉంచుకొన్న కుర్తీని ఉతికితే రంగు కారిపోయింది. కొన్నవారిలో ఇద్దరు ఫిర్యాదు చేశారు, మిగిలిన ఇరవైమంది మౌనంగా ఉన్నారు. "చవక సరుకు ఇంతేనని వాళ్ళకూ తెలుసు, ఊరుకో" అని ఇంటివారు అంటున్నారట. ఊరుకొంటే ఫీజు నిలుస్తుంది, చెబితే ఆ సొమ్ము పోతుంది. ఏమి చేయాలి?

ఈ సోదరికి మా సమాధానం ఇది. అమ్మిననాడు మీకు లోపం తెలియదు కనుక ఆనాటి అమ్మకంలో మీపై పాపం లేదు. కాని లోపం సరుకులో ముందునుండే ఉన్నది కనుక కొన్నవారి హక్కు నిలిచే ఉన్నది. ఇప్పుడు తెలిసిన తర్వాత మౌనం వహిస్తే అది దాచటమే అవుతుంది. కాబట్టి ఇరవై రెండు మందికీ సందేశం పంపండి. బట్టను వాపసు ఇవ్వదలచినవారికి ధర తిరిగి ఇవ్వండి. ఇప్పటికే ఉతికి, తొడిగి పాడైనదానికి, లోపం వల్ల ఎంత ధర తగ్గుతుందో అంత సొమ్ము ఇవ్వండి. ఒకేసారి ఇవ్వలేకపోతే గడువు కోరండి. మనస్ఫూర్తిగా వదిలేసినవారి సొమ్ము మీకు హలాల్. మిగిలిన పదిహేడు కుర్తీలను "రంగు కారుతుంది" అని వ్రాసి, తగిన ధరకు అమ్మండి. మీకు సరుకు ఇచ్చిన వ్యాపారి లోపాన్ని దాచి ఉంటే అతని వద్ద మీకూ అదే హక్కు ఉన్నది, వెళ్ళి అడగండి. "ఉన్నది ఉన్నట్లు, ఏ లోపానికీ పూచీ లేదు" అని చెప్పి ఇచ్చి, మీరు ఒప్పుకొని ఉంటే, ఆ నష్టం మీదే. పిల్లల ఫీజు మరో నెలకు వాయిదా పడవచ్చు గాని, వారి అన్నంలోకి ఇతరుల హక్కు చేరకూడదు.

దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి ఉన్నట్లు గమనించిన హదీసు అందరికీ తెలిసిందే. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. నేటి ఫోను ఫొటో కూడా ధాన్యపు రాశి వంటిదే. మరకను మడత కిందికి నెట్టి ఫొటో తీయటం, ఫిల్టరుతో వెలిసిన రంగును మెరిపించటం, సెకండ్స్ సరుకును మొదటి రకమని చెప్పటం, మామూలు బట్టకు పేరున్న కంపెనీ లేబులు కుట్టి "ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్" అనటం, ఇవన్నీ తడిసిన గింజలను అడుగున దాచటమే. పగటి వెలుతురులో ఫొటో తీయండి. చిరుగు, మరక, ఊడిన జిప్పు ఉంటే దానికి వేరుగా మరొక ఫొటో పెట్టండి. కొలతలు టేపుతో కొలిచి వ్రాయండి. ఎన్నిసార్లు తొడిగినదో నిజం చెప్పండి.

ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) స్వయంగా కూఫాలో బట్టల వర్తకులు. ఒకసారి తమ భాగస్వామికి సరుకు పంపుతూ, ఫలానా వస్త్రంలో లోపం ఉన్నది, చెప్పి అమ్మమని సూచించారు. ఆయన మరచిపోయి, చెప్పకుండానే అమ్మివేశారు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమామ్ గారు ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతా దానం చేసివేశారని చరిత్రకారులు వ్రాశారు. మనం ఎవరి ఫిఖహ్ ప్రకారం నమాజ్ చేస్తున్నామో, వారి దుకాణం అలా నడిచింది.

"నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్" అని వ్రాస్తే బాధ్యత తీరిపోతుందా అని కొందరు అడుగుతారు. ఏ లోపానికీ పూచీ లేదన్న షరతు హనఫీ ఫిఖహ్‌లో చెల్లుతుంది. అయితే తెలిసిన లోపాన్ని దాచిన పాపం ఆ షరతుతో తొలగదు. అంతేగాక, వస్తువును చూడకుండా కొన్నవారికి చూచిన తర్వాత వద్దనే హక్కు ఉన్నది. దీనిని ఖియారె రూయత్ అంటారు. చూడకముందే ఆ హక్కును వదులుకొన్నానని కొనుగోలుదారు చెప్పినా అది రద్దు కాదు. ఫోనులో ఫొటో చూడటంతో బట్ట నేత, మందం, అసలు రంగు తెలిసిపోవు కదా! కొనేవారు కూడా అల్లాహ్‌కు భయపడాలి. వలీమాకు తొడిగి, మరునాడు "సైజు సరిపోలేదు" అని తిప్పి పంపటం ద్రోహం. చూచిన తర్వాత తొడిగి వాడుకొన్నవారికి ఆ హక్కు మిగలదు.

మరొక పెద్ద విషయం, తన వద్ద లేని సరుకును అమ్మటం. హోల్‌సేల్ గ్రూపులో వచ్చిన ఫొటోను, వంద రూపాయలు కలిపి తమ గ్రూపులో పెట్టి, డబ్బు ముందే తీసుకోవటం నేడు సర్వసాధారణమైంది. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఇటువంటి అమ్మకాన్ని గురించే అడిగినప్పుడు, తన వద్ద లేనిదానిని అమ్మవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. దీనికి మూడు సక్రమ మార్గాలు ఉన్నాయి. మొదటిది, సరుకు కొని, స్వాధీనం చేసుకొని, ఆ తర్వాత అమ్మటం. రెండవది, ఆర్డరును కేవలం వాగ్దానంగా ఉంచి, సరుకు చేతికి వచ్చిన తర్వాత అమ్మకం ఖరారు చేయటం. మూడవది, యజమానికి ఏజెంటుగా ఉంటూ, ఒక్కొక్క బట్టకు యాభై రూపాయలనో, నూటికి పది అనో కమిషను ముందే నిర్ణయించుకోవటం. పార్సిలు దారిలో పోతే నష్టం ఎవరిదన్నది అడిగి చూడండి. అమ్మకపు లాభం నాకు, నష్టం మరెవరికో అని సమాధానం వస్తే, ఆ వ్యవహారాన్ని సరిదిద్దుకోవలసి ఉన్నది.

ధర విషయంలోనూ నాలుకను అదుపులో ఉంచాలి. లాభానికి షరీఅత్ ఒక శాతాన్ని నిర్ణయించలేదు. కాని "నాలుగు వందలకు కొన్నాను, ఇరవై మాత్రమే వేసుకొంటున్నాను" అని చెబితే ఆ నాలుగు వందలు నిజం కావాలి. ఎన్నడూ అమ్మని రెండు వేల ధరను వ్రాసి, దానిపై గీత గీసి, ఐదు వందలని చూపటం అబద్ధమే. బంధువుల చేత "నాకు కావాలి, నాకు కావాలి" అని వ్రాయించి గిరాకీ సృష్టించటం దైవప్రవక్త (స) నిషేధించిన నజష్. మాటమాటకూ "వల్లాహి" అనటం సరుకును అమ్మిస్తుందేమో గాని బర్కత్‌ను తుడిచివేస్తుంది.

సరుకు ఎవరిదన్నది కూడా చూడాలి. వరద బాధితుల కోసమో, పేదల కోసమో సేకరించిన దుస్తులలో మంచివి ఏరి అమ్ముకోవటం అమానత్‌లో ఖియానత్. ఇచ్చినవారి అనుమతి లేకుండా వాటిని అమ్మరాదు. దర్జీ వద్ద మిగిలిన గుడ్డ, బట్ట ఇచ్చినవారిదే. పెళ్ళిలో వధువుకు కానుకగా ఇచ్చిన దుస్తులు ఆమె సొత్తు. ఆమె ఇష్టం లేకుండా భర్త గాని, అత్తవారు గాని వాటిని అమ్మటానికి వీలులేదు. అటువంటి దుస్తులు అమ్మేటప్పుడు పెళ్ళినాటి ఫొటోలు పెట్టకుండా, బట్టను హ్యాంగరుకు తగిలించి ఫొటో తీస్తే పర్దా కూడా నిలుస్తుంది.

చివరిగా జకాత్. అమ్మటానికి కొన్న సరుకు వ్యాపార సొత్తు. అప్పులు పోగా, చేతిలోని నగదుతో కలిపి దాని విలువ నిసాబుకు, అనగా యాభై రెండున్నర తులాల (612.36 గ్రాముల) వెండి ధరకు చేరితే, ఏడాది పూర్తయిననాటి బజారు ధరను బట్టి నూటికి రెండున్నర చెల్లించాలి. మూలన పడి ఉన్న లాటుకు కొన్న ధర కాదు, ఆనాడు ఎంత పలుకుతుందో అదే లెక్క. తొడగటానికి కొని, తర్వాత అమ్మకానికి పెట్టిన సొంత బట్టలు అమ్ముడుపోయేవరకు వ్యాపార సొత్తు కావు. ఇందుకోసం ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి కొన్నది, అమ్మినది, మిగిలినది వ్రాసుకోండి.

సత్యసంధుడైన వర్తకునికి పరలోకంలో ప్రవక్తల, అమరవీరుల సాంగత్యం లభిస్తుందన్న శుభవార్త హదీసులో ఉన్నది. గదిలో ఒక మూల బట్టలు మడతపెట్టి, ఫోనులో అమ్ముకొనే సోదరి కూడా ఆ శుభవార్తకు అర్హురాలే. అల్లాహ్ మన ఇళ్ళలోనికి హలాల్ ఉపాధినే చేర్చి, దానిలో బర్కత్ ప్రసాదించుగాక! ఆమీన్.