ల్యుకీమియా బిడ్డకు నోనీ రసము త్రాగింపవచ్చునా?

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరులో, విమానాశ్రయమునకు చేరువనున్న లంబాలైను మొదలగు పేటలలో తెలుగు కుటుంబములు కలవు. ఈ దీవులలో పండు నోనీ పండ్ల రసమును సీసాలలో నింపి అమ్ముచుందురు. అందు యాంటీ ఆక్సిడెంట్లు సమృద్ధిగా కలవని చెప్పుదురు. ఆరోగ్యవంతుడు త్రాగినచో మనకు అభ్యంతరము లేదు. ఆ వాసనను సహింపగలిగినవాడు ధన్యుడు. రక్తపు క్యాన్సరగు ల్యుకీమియాకు చికిత్స పొందుచున్న బిడ్డ సంగతి వేరు.

దేహములోని కణములు ప్రాణవాయువును వినియోగించి శక్తిని పుట్టించును. ఆ పనిలో, పొయ్యినుండి నిప్పురవ్వలు చిట్లినట్లు, ఫ్రీ రాడికల్సను చురుకైన పదార్థములు వెలువడి కణపు పొరలను గాయపరచును. వీనిని ఆర్పుటకు దేహమే కాటలేజు, గ్లూటథయోను మొదలగు రక్షకులను తయారుచేసికొనును. ఆహారములోని సి, ఇ విటమినులు వానికి తోడగును. రవ్వలు హెచ్చి రక్షణ తగ్గిన స్థితియే ఆక్సీకరణ ఒత్తిడి. ల్యుకీమియా వచ్చిన పిల్లల రక్తములో ఈ స్థితి పలు పరిశోధనలలో కనబడినది. చికిత్సలో వాడు డానోరుబిసిన్ వంటి మందులును ఫ్రీ రాడికల్సును పుట్టించును. గుండెకు కలుగు హానికి అదియొక కారణము. అట్లని, లోటు కలదు గనుక సీసాతో పూరింతమనుట చెల్లదు.

ఇట్టి తర్కము పూర్వమొకమారు బెడిసికొట్టినది. 1940ల ఉత్తరార్ధమున బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బరు ల్యుకీమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమగు విటమినుల నిచ్చి చూడగా, మేలు కలుగుటకు మారుగా వ్యాధి వేగము హెచ్చినట్లు తోచెను. అంతట ఆ విటమినునకు విరోధియగు మందు కావలసివచ్చెను. 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము లెడర్లీ ప్రయోగశాలలో ఎమినోప్టెరిన్‌ను తయారుచేసి యిచ్చెను. 1948లో ఫార్బరు ప్రకటించిన ఫలితములలో 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము తగ్గుముఖము పట్టెను. ఆ జాతి మందే యగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. దానిని తీసికొను బిడ్డకు, బలము వచ్చునని ఫోలిక్ ఆమ్లముగల టానిక్కు పోయుట మందు చేతులు కట్టివేయుటయే. వైద్యులే కొన్ని వేళల ఫోలినిక్ ఆమ్లమిత్తురు గాని, అది గంటలు లెక్కించి యిచ్చునది.

మరి ఆహారమో? 2020లో అమెరికానుండి వెలువడిన యొక పరిశీలనలో, భోజనముద్వారా యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువగా పొందిన ల్యుకీమియా పిల్లలకు అంటురోగములు, నోటిపూత తక్కువగా కనబడినవి. విడిగా తీసికొనిన మాత్రలవలన అట్టి లాభము కానరాలేదు. మునగాకు, బొప్పాయి, జామ మన పెరటిలోనే కలవు. తెల్లకణములు తగ్గియున్న దినములలో పచ్చిపండ్ల విషయము మాత్రము వైద్యుని అడుగవలయును. నోనీ రసములో పొటాషియము హెచ్చు. దానిని త్రాగిన కొందరికి కాలేయము చెడినట్లు వైద్యపత్రికలలో వచ్చినది, కారణము వివాదాస్పదమే. కాని మెథోట్రెక్సేటు భారము మోయుచున్న పసికాలేయముపై ఆ వివాదమును పరీక్షించుట యెందులకు?

చెన్నైలో చికిత్స పొంది తిరిగివచ్చిన కుటుంబమునకు వైద్యుడు సముద్రమున కావల నుండును. ఇరుగుపొరుగులు ప్రేమతో తెచ్చిన సీసా గడపలోనే యుండును. ఆ ప్రేమను తిరస్కరింప నక్కరలేదు. సీసాపై చీటీని ఫోటో తీసి వైద్యునకు పంపి, జవాబు వచ్చువరకు మూత తీయకున్న చాలును. అమ్మువారును, క్యాన్సరు మందులు వాడువారు వైద్యుని అడిగియే త్రాగవలయునను వాక్యమును తెలుగు, తమిళము, బెంగాలీ, హిందీలలో పెద్ద అక్షరములతో సీసాపై ముద్రింపవలెనని నా అభిప్రాయము.