ఖాళీ అంటే సున్నా కాదు

ఫారాలకి కోడ్ రాసి బతికే కొందరం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. మా మాట ఒక్కటే: మనిషి చెప్పని జవాబుని ప్రోగ్రామ్ తనంతట తాను చెప్పకూడదు.

ఇది మా తప్పులోంచే పుట్టింది. మాలో ఒకరు రాసిన ఆసుపత్రి ఫారంలో షుగర్ రీడింగ్‌కి ఒక గడి ఉంది. ఒక పెద్దాయనకి ఆ పరీక్ష చెయ్యలేదు, నర్సు ఆ గడి వదిలేసింది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్‌గా మారిస్తే సున్నా వస్తుంది. స్పేస్ కొట్టి వదిలినా సున్నాయే. డాక్టరు తెర మీద 'షుగర్: 0' అని పడింది. సున్నా షుగర్‌తో మనిషి బతకడు కాబట్టి డాక్టరు వెంటనే అనుమానపడ్డారు. అదే గడి 'రోజుకి ఎన్ని సిగరెట్లు' అని అడిగి ఉంటే? ఆ సున్నాని ఎవరు పట్టుకుంటారు? ఆ ప్రశ్న మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

టిక్కు పెట్టని చెక్‌బాక్స్‌నైతే బ్రౌజర్ అసలు పంపదు. 'మందులు ఏవైనా పడవా?' అన్న ప్రశ్న పక్కన ఒంటి చెక్‌బాక్స్ ఉందనుకోండి. టిక్కు లేదంటే అన్నీ పడతాయనా, తెలియదనా, అసలు అడగనే లేదనా? అందుకే ప్రాణం మీదికొచ్చే ప్రశ్నకి మేం ఒంటి చెక్‌బాక్స్ పెట్టం. అవును, కాదు, తెలియదు అని మూడు రేడియో బటన్లు పెడతాం, ముందుగా దేన్నీ ఎంచి ఉంచం. ఏదీ నొక్కకపోతే ఆగి అడుగుతాం.

ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కిందకి రాదని 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. ఆ మాట కోర్టు చెప్పేదాకా మనం ఆగాల్సింది కాదు.

కోడ్‌లో మా పద్ధతి ఇది. గడిలోది ముందు ట్రిమ్ చేస్తాం, ఏమీ మిగలకపోతే నల్ అని రాస్తాం, ఏమైనా మిగిలితేనే నంబర్‌గా మారుస్తాం. డిఫాల్ట్ ఇవ్వడానికి || వాడం, అది నిజంగా కొట్టిన సున్నాని కూడా తుడిచేస్తుంది. 2020లో భాషలోకి వచ్చిన ?? సున్నాని ఉంచుతుంది, కానీ ఖాళీ స్ట్రింగ్‌ని కూడా అలాగే ఉంచేస్తుంది. ట్రిమ్ ముందుండాలన్నది అందుకే. తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త: నల్‌ని డేట్‌కి ఇస్తే 1970 జనవరి 1 తయారవుతుంది, ఎవరిదీ కాని పుట్టినరోజు ఒకటి రికార్డుకెక్కుతుంది. ఇక గడి తప్పనిసరి అని చెప్పే ఎర్ర నక్షత్రం ఊరికే పెట్టం. జవాబు లేని మనిషిని నిర్బంధిస్తే ఒక చుక్క కొట్టి పోతాడు.

చేరదలిచినవాళ్లు సంతకం పెట్టక్కర్లేదు. మీరు రాసిన పాత ఫారం ఒకటి తెరిచి, ఏమీ నింపకుండా సబ్మిట్ నొక్కి, డేటాబేస్‌లో ఏం పడిందో చూసి రండి. మేం ఆ ఆసుపత్రి ఫారంతోనే మొదలుపెట్టాం. పాత సున్నాల్లో ఏది నిజమో తేల్చడానికి రోగుల కాగితాలు ఒక్కొక్కటే తిరగేస్తున్నాం.