ఒక్క బల్బు లెక్క మాకొద్దు

మైలవరం దాటి ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనపడతాయి. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైన ఆ కేంద్రం సామర్థ్యం ఇవాళ 2,560 మెగావాట్లు. అక్కడ పుట్టే కరెంటు రాష్ట్రమంతా పారుతుంది. అంత దగ్గర్లో ఉన్న మా పల్లెల్లోకి, మాదిగగూడేల్లోకి ఒకసారి వచ్చి చూడండి. ఇంటికి ఒక బల్బు. ఆ బల్బు హోల్డరుకి ఇంకో హోల్డరు తగిలించి, అందులోంచి ఒక తీగ ఫ్యానుకి, ఒక తీగ టీవీకి, ఇంకో తీగ వంటింట్లో మిక్సీకి. అతుకుల మీద టేపు ఉంటే ఉంటుంది, లేకుంటే పాలిథిన్ కాగితం.

ఇది చూసి మనవాళ్లకి తెలివి లేదనే పెద్దమనుషులున్నారు. మేము ఒప్పుకోం. ఆ ఇంటికి ఒక్క బల్బు చాలని ముందుగా లెక్క గట్టింది ఎవరు? అది అడగాలి.

1997 దాకా ఈ దేశంలో ఒక ఊరికి కరెంటు వచ్చిందని రాసుకోవడానికి ఏం కావాలో తెలుసా? ఆ రెవెన్యూ గ్రామం హద్దుల్లో ఎక్కడో ఒకచోట, ఏదో ఒక పనికి కరెంటు వాడితే చాలు. ఆసామి చేలో మోటారు తిరిగితే ఊరంతా వెలిగినట్టే! 1997లో జనం నివసించే చోట వాడాలని మార్చారు. ఊరి మధ్య నాలుగిళ్లు వెలిగినా సరిపోయేది. దళితవాడ ఉంటే అక్కడికి కూడా లైను, ట్రాన్స్‌ఫార్మర్ చేరాలనీ, ఊళ్లో కనీసం నూటికి పది ఇళ్లకు కరెంటుండాలనీ నిబంధన పెట్టింది 2004లో. అంటే అప్పటిదాకా ఊరు లెక్కలో వాడ లేదని సర్కారే ఒప్పుకున్నట్టు కాదా?

సరే, లైను వచ్చింది. ఇంట్లోకి ఏం వచ్చింది? 1988-89లో కుటీర జ్యోతి అన్నారు. పేదింటికి ఒక్క లైటు. 2005లో రాజీవ్ గాంధీ పేరుతో గ్రామీణ విద్యుదీకరణ పథకం. మళ్లీ ఒక్క పాయింటే. 2017లో సౌభాగ్య. ఒక ఎల్ఈడీ బల్బు, ఒక సెల్‌ఫోన్ చార్జింగు పాయింటు. ముప్పై ఏళ్లలో పెరిగింది సెల్‌ఫోన్ పెట్టుకునే జాగా ఒక్కటే. ఈ పథకాలు వద్దని మేము అనడం లేదు. కిరసనాయిలు బుడ్డి కింద చదువుకున్నవాళ్లం, ఆ మొదటి బల్బు విలువ మాకు తెలుసు. కానీ మొదటి మెట్టునే ఇల్లనుకొమ్మంటే ఎట్లా?

ఉచిత కరెంటు ఇస్తున్నాం కదా అంటారు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2013లో నెలకు 50 యూనిట్ల దాకా, 2019లో 200 యూనిట్ల దాకా ఉచితమన్నారు. మంచిదే, అది మన హక్కు. 200 యూనిట్లంటే రోజుకు ఆరున్నర పైమాట. అంత కరెంటు ఒక్క బల్బు తీగలోంచి లాగడం సాధ్యమా? పుట్టెడు గింజలిచ్చి, కొలుచుకోను గిద్దె ఇచ్చినట్టుంది ఈ వ్యవహారం.

లెక్క మనమే వేసి చూద్దాం. వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు అర ఆంపియర్‌లో పదో వంతు కూడా తీసుకోదు. ఇస్త్రీపెట్టె 1000 వాట్లు, మిక్సీ 750, రైస్ కుక్కర్ 700. పొద్దున్నే పిల్లలు బడికెళ్లే వేళ మూడూ నడిస్తే 2,450 వాట్లు, అంటే పదిన్నర ఆంపియర్ల పైన. తీగలో కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. సన్న తీగ కాగుతుంది, పైతొడుగు కరుగుతుంది, అతుకు దగ్గర నిప్పు లేస్తుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మనం లావు తీగ చుడతాం. ఇల్లు తగలబడకుండా తాను కాలిపోవడమే దాని పని. దాని నోరు మనమే నొక్కేస్తున్నాం.

ఇంకో సంగతి చెప్పాలి. మేమెరిగిన ఒకింట్లో వానాకాలం ఒక తల్లి తడి నేల మీద నిలబడి ఇనప కూలరు ముట్టుకుంది. అంతే. ఆమె బిడ్డ అప్పుడు మా బడిలో ఏడో తరగతి. అందరూ ఖర్మ అన్నారు. మేము పోయి చూశాం. ప్లగ్గులో మూడో బెజ్జం ఉంది, దాని వెనక తీగ లేదు. ఎర్తు లేకపోవడాన్ని ఖర్మ అని పిలుస్తున్నాం. ఇన్ని తరాలుగా మన మీద పడ్డ ప్రతిదాన్నీ ఇట్లాగే పిలిచాం కదా!

మరి ఎట్లా ఉండాలి? ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. మన దేశంలో వైరింగుకి చాలాకాలంగా ఉన్న పద్ధతే చెప్తున్నాం. లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులకు ఒక సర్క్యూటు. అందులో పది పాయింట్లు, 800 వాట్లు దాటకూడదు. పెద్ద ప్లగ్గులకు వేరే సర్క్యూటు. అందులో రెండే ప్లగ్గులు, మొత్తం 3000 వాట్ల లోపు. రెండు గదులు, వంటిల్లు, వసారా, స్నానాలగది ఉన్న ఇంటికి అయిదు బల్బులు, మూడు ఫ్యాన్లు, రెండు చిన్న ప్లగ్గులు వేసుకోండి. పది పాయింట్లయినాయి. బల్బులకు 45, ఫ్యాన్లకు 225, ప్లగ్గులకు వందేసి చొప్పున 200. మొత్తం 470 వాట్లు. దీనికి 1.5 ఎస్‌క్యూ ఎంఎం రాగి తీగ, 6 ఆంపియర్ల ఎమ్‌సిబి చాలు. పెద్ద ప్లగ్గులు ఒకటి వంటింట్లో, ఒకటి గదిలో. వాటికి 2.5కి తగ్గని రాగి తీగ, 16 ఆంపియర్ల ఎమ్‌సిబి. ఒకటి పడిపోయినా రెండోది వెలుగుతుంది. మిక్సీ వల్ల ఫ్యూజు పోయిందని పిల్లవాడి చదువు ఆగిపోదు.

స్విచ్చి ఎప్పుడూ ఫేజు తీగ మీదే ఉండాలి. న్యూట్రల్ మీద పెడితే స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటుంటుంది. ప్రతి ప్లగ్గుకీ పచ్చ తీగ పోవాలి. ఆ తీగ పెరట్లో బొగ్గు, ఉప్పు పోసిన ఎర్తు గుంతలోకి దిగాలి, గుంత ఎండకుండా నీళ్లు పొయ్యాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఈఎల్‌సీబీ పెట్టాలి. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలలోకి దిగబోతే రెప్పపాటులో ఆపేది అదే. ఆ రెండూ ఉండి ఉంటే ఆ బిడ్డకు తల్లి మిగిలేది.

అన్నిటికన్నా ముఖ్యం, ఇదంతా స్లాబు పోసే ముందే తేల్చుకోవాలి. కాంక్రీటు వేశాక ఫ్యాను హుక్కు బాక్సు పెట్టలేం, పైపు దించలేం. అప్పుడిక మిగిలేది మేకులు కొట్టి గోడల మీద తీగ లాగడమే. ఇంటి బిల్లుల దగ్గర పునాది ఎంత, స్లాబు ఎంత అని మాట్లాడతాం. సిమెంటు బస్తాలు, ఇనుము లెక్కపెట్టుకుంటాం. పైపుల మాట మనమూ ఎత్తం, వాళ్లూ ఎత్తరు.

అందుకే అడుగుతున్నాం. దళితవాడలో కట్టే ప్రతి సర్కారు ఇంటి అంచనాలో రెండు సర్క్యూట్లు, ఎర్తింగు, ఈఎల్‌సీబీ ఉండాలి. పాత ఒక్క పాయింటు ఇళ్లన్నిటికీ తిరిగి వైరింగు చెయ్యాలి. సబ్‌ప్లాన్‌కి 2013లో చట్టమే వచ్చింది. దళితుడి ప్రాణం కాపాడే తీగకన్నా ఆ డబ్బుకి సరైన పని ఏముంది? వైర్‌మన్ ట్రేడు చదివిన మన కుర్రాళ్లు నందిగామలో, జగ్గయ్యపేటలో పని కోసం తిరుగుతున్నారు. ఈ పని వాళ్లకే ఇవ్వండి.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు కరెంటు వ్యవహారాలూ చూశారు. కరెంటు చవగ్గా, పుష్కలంగా అందాలనీ, అది లేకుండా ఈ దేశంలో పరిశ్రమలు నిలబడవనీ, పరిశ్రమలు లేకుండా పేదరికం పోదనీ 1943లోనే వాదించారు. ఆయన అడిగింది పుష్కలంగా. మనకు కొలిచి పోసింది ఒక్క బల్బు.

సోదరులారా, అక్కల్లారా, చెల్లెళ్లారా! ఈ ఆదివారం మీ ఇంట్లో ప్లగ్గు వెనక పచ్చ తీగ ఉందో లేదో తెలిసిన వైర్‌మన్‌ని పిలిచి చూపించండి. లేనిళ్లు మీ వాడలో ఎన్నో కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకుని కరెంటాఫీసుకీ, మండలాఫీసుకీ అందరం కలిసి పోదాం. జై భీమ్!