కొలవకుండా సర్దుకోవద్దు

"రెండడుగులకు ఏం పోతాదప్పా, సర్దుకోపో."

మా నాయనతో ఊరి పెద్దమనిషి అన్న మాట ఇది. అప్పుడు నేను టీచర్ ట్రైనింగ్ చదువుతున్నాను. మాకున్నది రెండెకరాల డి.కె.టి. పట్టా. శెనక్కాయల పనికి ఇంటిల్లిపాదీ వేరే ఊరు పోయి, నెల తర్వాత వచ్చి చూస్తే పక్క పొలం ఆసామి రాతి కూసాలు నాటి ముళ్ళతీగ లాగించినాడు. మా పాత గెట్టు తీగకు అవతల పడింది. నాయన పెద్దమనుషుల దగ్గరికి పోయినాడు. వాళ్ళు పొలానికి రాలేదు, టేపు పట్టలేదు. కూర్చున్న చోటి నుంచే సర్దుకోమన్నారు. నాయన తలూపి ఇంటికొచ్చినాడు.

నాకు ఉద్యోగం వచ్చిన తర్వాత ఒకరోజు పిల్లలకు వైశాల్యాలు చెబుతూ ఆ లెక్క నల్లబల్ల మీద వేశాను. గెట్టు పొడవు 400 అడుగులు, పోయిన వెడల్పు 2 అడుగులు. మొత్తం 800 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి 1.8 సెంట్లకు పైనే. 2020లో మన రాష్ట్రంలో పల్లెల్లోని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర. ఒక ఇంటిస్థలం కంటే పెద్ద ముక్క "ఏం పోతాది" అన్న మాటలో పోయింది.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. కంచె తగాదాలో ముందు కొలత, తర్వాతే రాజీ. కొలిచిన తర్వాత ఇష్టపడి అడుగు వదిలితే అది మంచితనం. కొలవకుండా వదిలితే అది భయం. మన భయానికి మంచితనం అని పేరు పెట్టి ఊరు మెచ్చుకుంటుంది.

ఈ భయం ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. నేను ఎరుకల వాణ్ణి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మా వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా రాసుకున్నారు. వేలిముద్రలు ఇవ్వాలి, పోలీసులకు హాజరు చెప్పాలి. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని తీసేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా, ఆఫీసు గడప చూస్తే మా అబ్బకు కాళ్ళు వణికేవి. ఆ వణుకు నాయనకు వచ్చింది. నాకు కూడా కొంత వచ్చింది. దాన్ని మన పిల్లలకు ఇవ్వకూడదు.

మన మూడు తాలూకాల్లో ఈ తగాదా మూడు రకాలుగా ఉంటుంది. పులివెందుల పక్క చీనీ తోటలకు కూసాలు, ముళ్ళతీగ. ఒకసారి నాటితే అదే హద్దు అంటారు. జమ్మలమడుగు నల్లరేగడి శనగ చేలల్లో కంచె ఉండదు. ట్రాక్టరు ఏడాదికి ఒక సాలు చొప్పున గెట్టును తింటుంది, చివరికి హద్దురాయి కూడా నేలలో కలిసిపోతుంది. ప్రొద్దుటూరు చుట్టూ ఉన్న కాలనీల్లో ప్రహరీ గోడ, మురుగు కాలువ, మెట్లు ముందుకొస్తాయి. రూపం ఏదైనా మనకు వినబడే మాట ఒక్కటే: సర్దుకో.

"పక్కోడితో పగ పెట్టుకుంటే బండి బాట ఉంటాదా, నీళ్ళు వస్తాయా?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ మాటలో నిజముంది. పొరుగువాడు లేకుండా సేద్యం సాగదు. అయితే కొలవమని అడగడం పగ ఎట్లా అవుతుంది? కొట్లో తూకం వేయమంటే శెట్టికి కోపం రాదు కదా! కొలతకు కోపం తెచ్చుకునే పొరుగువాడు, కొలవకపోయినా రేపు బాట మూసేవాడే.

ఇక మన యువకులకు రెండు మాటలు. రాత్రిపూట పోయి కూసాలు పీకొద్దు. పీకిన మరుక్షణం వాడి ఆక్రమణ పక్కకు పోయి, మన మీద కేసు నిలబడుతుంది. "1/70 చట్టం ఉంది, మన భూమి ఎవరూ ముట్టలేరు" అని కొందరు అంటున్నారు. ఆ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాలకే. రాయలసీమలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు. అట్రాసిటీ చట్టం మనకుంది. ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం ఆ చట్టం కింద నేరమే. కానీ 2020 నవంబరులో ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, ఒక పక్షం ఎస్సీ, ఎస్టీ అయినంత మాత్రాన ప్రతి ఆస్తి తగాదా అట్రాసిటీ కాదని చెప్పింది. కొలత కాగితం చేతిలో లేకుండా పెట్టిన కేసు వీగిపోతే, రేపు నిజంగా దెబ్బతిన్న చెల్లెలి కేసును కూడా అబద్ధం అంటారు.

మా పొలం సంగతి ముగించలేదు. ఆరేళ్ళకు సర్వేకు దరఖాస్తు పెట్టాను. ఇరుపక్కల వాళ్ళకు నోటీసులు పోయాయి. సర్వేయరు పటం తెచ్చి, పాత రాళ్ళు వెతికి గొలుసు లాగినాడు. తూర్పున ఆసామి మాలోకి వచ్చింది నిజమేనని తేలింది. ఉత్తరాన మాత్రం మా గెట్టే అడుగు మేర ఒక ముసలామె చేలోకి పోయి ఉంది. ఎవరు జరిపారో ఏమో, ఏళ్ళుగా ఆ అడుగులో పంట తిన్నది మేమే. ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. మా నాయన ఎందుకు తలూపినాడో ఆమె కూడా అందుకే అడగలేదు.

ఆ సాయంత్రమే నాయన, నేను గెట్టు తవ్వి వెనక్కి వేశాం. తూర్పు ఆసామి వెంటనే కూసాలు తీయలేదు. కొలత నివేదిక జతచేసి తహసీల్దారుకు అర్జీ పెట్టి, రెండుసార్లు తిరిగితే తీసినాడు. ఇప్పటికీ మాతో సరిగా మాట్లాడడు. బాట మాత్రం మూయలేదు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. సర్వే నంబరు, అడంగల్, 1-బి, ఎఫ్.ఎం.బి. పటం నకలు తీసుకోండి. హద్దు కొలవమని సచివాలయంలోనో మీసేవలోనో దరఖాస్తు పెట్టి రసీదు దాచండి. ఆఫీసుకు ఒక్కరే పోకండి, ముగ్గురు పోండి. 1923 సర్వే, హద్దుల చట్టం ప్రకారం హద్దురాళ్ళు కాపాడే బాధ్యత పట్టాదారుదే కాబట్టి రాయి కనబడకపోతే ఊరకుండొద్దు. 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. మీ ఊరికి కొలతలకు వచ్చిన రోజున హద్దు చూపడానికి ఇంటి మనిషి పొలంలో ఉండాలి. మనం వలస పోయి ఉంటే పక్కవాడు చూపిందే హద్దవుతుంది. సొంత పట్టా భూమిలో ఒకరు మన హక్కును కాదంటూ 12 ఏళ్ళు బాహాటంగా అనుభవిస్తే, తిరిగి ఇప్పించమనే దావాకు కాలం చెల్లుతుంది. అసైన్డ్ భూమిలో కొంత ముక్కను పక్కవాడికి ఇచ్చినట్టు స్టాంపు కాగితం రాయించి వేలిముద్ర అడిగితే వేయొద్దు. 2023 సవరణ కింద మినహాయింపు పొందని భూమి అయితే, 1977 నాటి 9వ చట్టం ప్రకారం అటువంటి బదిలీ చెల్లదు. కోర్టు అవసరమైతే, 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల్లో అడగండి.

ఉపాధ్యాయ మిత్రులారా, తప్పు మనలోనూ ఉంది. దీర్ఘచతురస్రం వైశాల్యం ఏళ్ళ తరబడి చెప్పాం. సొంత పొలం పటం చదవడం ఒక్క పిల్లవాడికైనా నేర్పించామా? వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. ఇది ఏడో తరగతి లెక్కే. ఈ వేసవి సెలవులకు ముందు ప్రతి పిల్లవాడి చేత వాళ్ళ ఇంటి ఎఫ్.ఎం.బి. నకలు తెప్పించండి. ఒక ఆదివారం పటం పట్టుకుని వాళ్ళతో పొలానికి నడవండి. రాళ్ళు లెక్కపెట్టించండి. పక్కవాడి వైపు ఎంత పోయిందో, మన వైపు ఎంత వచ్చిందో రెండూ రాయించండి. ఆ పిల్లవాడి నాయనతో రేపు ఎవరైనా "సర్దుకోపో" అంటే, పిల్లవాడే పటం విప్పి "ఎంతకు సర్దుకోవాల?" అని అడుగుతాడు.