జూన్ 14న ఒడ్డున ఎవరున్నారు?

ఏటా జూన్ 14న ప్రపంచ రక్తదాతల దినం, అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం. ఆ రెండు నాళ్లూ రాజధానిలో సభలు జరుగుతాయి, ప్రతిజ్ఞలు వినబడతాయి. రక్తనిధి అవసరాలు మాత్రం పంచాంగాన్ని అనుసరించవు. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే నిలువ ఉంటాయి. తలసేమియాతో పుట్టిన బిడ్డకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. కనుక కావలసినవాడు మళ్లీ మళ్లీ వచ్చే దాత.

సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పు ఫలితంగా 1998 నుంచి రక్తవిక్రయం నిషిద్ధమైనది. అమ్మకం పోయినా, రోగి బంధువులను వెదకి తెప్పించి ఇప్పించే ‘బదులు రక్తం’ ఆనవాయితీ పలు ఆస్పత్రులలో పోలేదు. అలా ఇచ్చినవాడు ఋణం తీరిందనుకొని వెళ్లిపోతాడు, రెండవసారి రాడు.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. మన యానాం అందులోనిదే. జిప్మర్ కేంద్రప్రభుత్వ సంస్థ. కాబట్టి ఇది రాష్ట్రాల వ్యవహారమని ఢిల్లీ తప్పించుకొనే వీలు అక్కడ లేదు. పట్టణానికి దక్షిణాన, కడలూరు రోడ్డుపై నది దాటితే అరియాంకుప్పం. 1945లో వీలర్ త్రవ్వకాలు జరిపిన అరికమేడు ఆ చెంతదే. జాలరుల పల్లె వీరాంపట్టినమూ అక్కడిదే. జిప్మర్ ఉన్న గోరిమేడు పట్టణానికి అవతలి కొస. ఒక సీసా రక్తమిచ్చి రావటానికి కూలివానికి ఒకపూట పని పోతుంది. కేంద్రోద్యోగికి రక్తదానం నిమిత్తం ఏడాదికి నాలుగుసార్లు ప్రత్యేక సెలవు ఇస్తూ 2017లో ఉత్తర్వు వెలువడినది. మంచిదే. జాలరికి సెలవు ఎవరిస్తారు?

అతనికి సముద్రమే సెలవిస్తుంది. తూర్పు తీరాన మరబోట్ల వేటపై ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం. కళాశాలలు మూతపడి, విద్యార్థుల శిబిరాలు ఆగి, రక్తానికి కటకట ఏర్పడే రోజులు కూడా అవే. మన శిబిరాలేమో నిషేధం ముగిసే జూన్ 14 కోసం కాచుకొని ఉంటాయి! ఆనాడు జాలరి వలలు, మంచు బోటుకు ఎక్కించే హడావుడిలో ఉంటాడు. రక్తమిచ్చిన రోజున బరువుపని కూడదని వైద్యులే చెబుతారు.

స్త్రీల సంగతి వేరు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారం 15-49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. దానానికి హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ధైర్యం చేసి వచ్చిన ఇల్లాలిని ‘రక్తం తక్కువ, వెళ్లమ్మా’ అని పంపివేస్తే, ఆమె దానిని అవమానంగానే భావిస్తుంది. నాలుగు మాటలు నచ్చజెప్పి, ఇనుము మాత్రలిచ్చి, ఫలానా నెలలో రమ్మంటే వచ్చేది. వట్టిచేతులతో పంపబడిన ఆమె ఇంటివారిని కూడా రానివ్వదు.

ఊరక ఇచ్చిన రక్తానికి ఆస్పత్రిలో బిల్లు వేశారన్న మాట మరొక అడ్డంకి. శుద్ధి, పరీక్షల ఖర్చు తప్ప ధర వసూలు చేయరాదని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి 2023 డిసెంబరులో హెచ్చరించవలసి వచ్చినది. ఆ ఖర్చు దేనికో శిబిరంలోనే దాతకు చెప్పే ఆచారం ఎందుకు లేదు?

రూకలిచ్చి రప్పించమని నేననను. డబ్బు కోసం వచ్చేవాడు జబ్బు దాస్తాడు. టిట్మస్ 1970లోనే ఆ ప్రమాదాన్ని చూపించాడు. పురుషునికి 90 రోజులు, స్త్రీకి 120 రోజులు నిండగానే ఒక కబురు పంపితే చాలు. అరియాంకుప్పంలో తమిళాన, యానాంలో తెలుగున. ఏప్రిల్ 15 దాటాక ఒక సాయంకాలం రక్తసేకరణ బండి నది దాటి వీరాంపట్టినం దాకా వెళ్లటానికి ఢిల్లీ ఉత్తర్వు కూడా అక్కరలేదు.