పరాయి దేశంలో పేచీ పెట్టే పేగు

"నా వయసు 34. మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. ఆరేళ్ళుగా దుబాయిలో సెంట్రింగ్ పని చేస్తున్నాను. వచ్చిన మొదటి వేసవిలో తిన్నది పడక వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడు రోజులు మంచాన పడ్డాను. అవి తగ్గాయి గాని అప్పటినుంచి కడుపు నా మాట వినడం లేదు. పొద్దున్నే నాలుగున్నరకు లేచి టీ తాగితే చాలు, మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది. రెండు మూడుసార్లు వెళ్ళాలి. వెళ్ళి వస్తే నొప్పి తగ్గుతుంది, కాని ఇంకా మిగిలే ఉందన్న అనుమానం పోదు. క్యాంపు నుంచి సైటుకు బస్సులో గంట పైనే పడుతుంది. ఒకసారి దారిలో జరగకూడనిది జరిగిపోయింది. ఆ రోజునుంచి పొద్దున ఏమీ తినను, మధ్యాహ్నం దాకా నీళ్ళు కూడా తాగను. ఇంటినుంచి తెచ్చుకున్న మెట్రోనిడజోల్ మాత్రలు నెలకోసారి ఐదు రోజులు వేసుకుంటాను. సెలవుకు ఇంటికి పోతే పదిరోజుల్లో అంతా సర్దుకుంటుంది, తిరిగి రాగానే మళ్ళీ మామూలే. ఇక్కడి నీళ్ళు పడటం లేదా? ఇది కాన్సరా? ఇంకా నాలుగు లక్షల అప్పు ఉంది. నా భార్యకు ఈ సంగతి చెప్పలేదు. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమంటారా?"

— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, దుబాయి

మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. అంతకంటే ముందు ఒక్క మాట. రేపు పొద్దుటినుంచి నీళ్ళు తాగండి.

మీ కడుపులో ఉన్న జబ్బు మిమ్మల్ని బాధపెడుతుంది గాని ప్రాణం తీయదు. దాన్ని నలుగురికీ తెలియకుండా దాచడానికి మీరు చేస్తున్న పనులు మాత్రం ప్రాణం మీదికి తేగలవు. 45 డిగ్రీల ఎండలో ఇనుము, చెక్క మోసే మనిషి మధ్యాహ్నం దాకా నీళ్ళు ముట్టకపోతే వడదెబ్బ తగలవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పైగా నీళ్ళు మానితే విరేచనాలు ఆగుతాయనుకోవడం పొరపాటు. దప్పికకు తాగిన నీళ్ళు చాలామటుకు చిన్నపేగులోనే ఒంటికి పట్టిపోతాయి. గంటకొకసారి కొద్దికొద్దిగా తాగితే కడుపు మీద భారం కూడా పడదు.

ఇక మీ జబ్బు సంగతి.

మీరు వ్రాసిన లక్షణాలు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే రుగ్మతకు సరిగ్గా సరిపోతున్నాయి. పొట్టిగా ఐ.బి.ఎస్. అంటారు. 2016లో నిపుణులు ఖరారు చేసిన 'రోమ్' కొలతల ప్రకారం, ఆరు నెలల క్రితమో అంతకు ముందో మొదలైన కడుపునొప్పి, గత మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజైనా వస్తూ ఉండాలి. దానితోపాటు ఈ మూడింటిలో రెండైనా ఉండాలి: విరేచనానికీ నొప్పికీ సంబంధం ఉండటం, వెళ్ళే సార్లు మారడం, మలం గట్టిగానో పలుచగానో మారడం. కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, కొందరికి రెండూ మార్చి మార్చి వస్తాయి. 2021లో ప్రచురించిన అంతర్జాతీయ సర్వేలో, ఇంటర్నెట్ ద్వారా ప్రశ్నలడిగిన దేశాలలో నూటికి సుమారు నలుగురికి ఈ బాధ ఉన్నట్టు తేలింది. అంటే మీ బస్సులో ఉన్నవారిలో మీరొక్కరే కాకపోవచ్చు. వారూ మీలాగే నోరు మూసుకుని కూర్చుని ఉంటారు.

ఎందుకు వస్తుంది?

పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నరకణాలున్నాయి. వాటికీ మెదడుకూ ఎడతెగని సంభాషణ నడుస్తూ ఉంటుంది. గట్టిగా ఒకసారి విరేచనాలు పట్టుకున్న తరువాత, క్రిములు పోయినా, సుమారు పదిమందిలో ఒకరికి ఆ నరాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. ఒకసారి దొంగలు పడ్డ ఇంట్లో కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది చూడండి, అలాగన్నమాట. మామూలు గ్యాసు, మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. మీ కథ మొదలైంది కూడా అలాంటి విరేచనాలతోనే.

కనుక ఇది ఊహ కాదు, పిరికితనం కాదు. "అంతా నీ మనసులోనే ఉంది" అనేవారి మాట పట్టించుకోకండి. అయితే నిద్రలేమి, దిగులు, బస్సు ఎక్కుతుంటే కలిగే భయం, ఇవి ఆ కుక్కను మరింత రెచ్చగొడతాయన్నది నిజం.

ఇంటికి వెళ్తే తగ్గుతోంది కనుక దోషం అక్కడి నీళ్ళదని మీరు అనుకుంటున్నారు. కాని ఇంటి దగ్గర మీరు నాలుగున్నరకు లేవరు. వేళకు అన్నం తింటారు. మరుగుదొడ్డి పది అడుగుల దూరంలో ఉంటుంది. వెళ్ళాలనిపించినప్పుడు ఎవరినీ అడగనక్కరలేదు. మారింది నీళ్ళే కాదు, దినచర్య మొత్తం. ఇది మీకు మంచి వార్తే. దినచర్యలో కొంతైనా మీ చేతిలో ఉంటుంది.

భయపడవలసింది ఎప్పుడు?

కాన్సరా అని అడిగారు. మీరు చెప్పిన లక్షణాల్లో అలాంటి సూచన నాకు కనబడలేదు. కాని చూడకుండా తీర్పు చెప్పడం డాక్టరు పని కాదు. కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చెయ్యకుండా పరీక్ష చేయించుకోవాలి: మలంలో రక్తం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, కడుపులో గడ్డ తగలడం, దగ్గరి బంధువులకు పెద్దపేగు కాన్సరు ఉండటం, యాభయ్యో పడికి చేరువలో బాధ కొత్తగా మొదలవడం. మనవాళ్ళలో పేగుల క్షయ కూడా ఉంటుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం దాని గుర్తులు.

ఇవేవీ లేకపోయినా ఒక్కసారి రక్తపరీక్ష, మలపరీక్ష చేయించండి. గోధుమ పడనివారికి వచ్చే సీలియాక్ జబ్బుకు రక్తపరీక్ష ఉంది. అది చేయించేదాకా గోధుమ తినడం మానకూడదు, మానితే జబ్బు పరీక్షకు దొరకదు. యు.ఎ.ఇ.లో ప్రైవేటు ఉద్యోగులకు యజమాని ఆరోగ్య బీమా కల్పించాలన్నది ఇప్పుడు చట్టం. మీ కార్డు పెట్టెలో దాచుకోవడానికి ఇచ్చింది కాదు.

మందుల విషయంలో జాగ్రత్త

మెట్రోనిడజోల్ ఆపెయ్యండి. అది అమీబియాసిస్ వంటి జబ్బులకు మందు. అమీబా ఉందని పరీక్షలో తేలకుండా నెలనెలా మింగితే పేగుల్లోని మేలుచేసే క్రిములు చెదిరిపోతాయి, అసలు బాధ అలాగే ఉంటుంది.

కడుపునొప్పికి మన ఊళ్ళలో ఎక్కువగా వ్రాసే డైసైక్లోమిన్ చెమటను తగ్గిస్తుంది. ఎండలో పనిచేసేవాడికి చెమటే రక్షణ. కనుక వేసవిలో ఆ మాత్ర వేసుకుని సైటుకు వెళ్ళవద్దు. దాని బదులు మెబెవెరిన్ వంటిది వాడవచ్చునేమో మీ డాక్టరును అడగండి. ప్రయాణం రోజున విరేచనాలు ఆపడానికి లోపెరమైడ్ పనికి వస్తుంది. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది డాక్టరు చెప్పినంతే. రక్తమో, జ్వరమో ఉన్నప్పుడు అది వాడకూడదు.

వీటికి లొంగకపోతే దిగులుకు ఇచ్చే మందునే చాలా చిన్న మోతాదులో, పేగు నరాలను శాంతపరచడానికి ఇస్తారు. ఇంగ్లండులో 463 మంది ఐ.బి.ఎస్. రోగులపై జరిపి 2023లో ప్రచురించిన పరీక్షలో, అమిట్రిప్టిలిన్ ఈ విధంగా ఉపయోగపడుతుందని తేలింది. డాక్టరు ఆ మందు వ్రాస్తే "నన్ను పిచ్చివాణ్ణి అనుకున్నాడు" అని నొచ్చుకోకండి. అయితే మీరు ఎండలో పనిచేస్తారని ఆయనకు ముందే చెప్పండి. ఈ మందుతో కూడా చెమట తేడా చెయ్యవచ్చు.

ఇప్పుడు చెప్పేది మీ గదిలోని వారందరికీ వినిపించండి. మన దగ్గర ఈ జబ్బుకు వ్రాసే కొన్ని మాత్రల్లో క్లోర్‌డయాజిపాక్సైడ్ అనే మత్తుమందు కలిసి ఉంటుంది. విరేచనాలకు వాడే డైఫెనాక్సిలేట్, నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్, ఇవి కూడా గల్ఫ్ దేశాల్లో కట్టడి ఉన్న మందుల కోవలోకే వస్తాయి. చీటీ, అనుమతి లేకుండా తీసుకువెళ్తే విమానాశ్రయంలోనే కేసవుతుంది. యు.ఎ.ఇ. ప్రభుత్వ అనుమతి ప్రయాణానికి ముందే ఇంటర్నెట్‌లో తీసుకోవచ్చు. విరేచనాలకు మంచివని అమ్మ పొట్లం కట్టి ఇచ్చే గసగసాలు కూడా అక్కడ నిషిద్ధమే. ఎవరో స్నేహితుడికి ఇమ్మని ఇచ్చిన మందుల పొట్లం మీ పెట్టెలో పెట్టుకోవద్దు.

తిండి, దినచర్య

పొద్దున ఏమీ తినకుండా వెళ్ళి, మధ్యాహ్నం ఒకేసారి నిండా తినడం ఈ జబ్బుకు బొత్తిగా పడదు. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం ప్రకృతి ధర్మం. దాన్ని మనకు అనుకూలంగా మలచుకోవాలి. బస్సుకు గంట ముందుగా లేవండి. లేవగానే గోరువెచ్చని నీళ్ళు, తరువాత కొంచెం అన్నమో, రెండు ఇడ్లీలో తినండి. అరగంట ఆగి తీరికగా వెళ్ళండి. రెండు మూడు వారాల్లో పేగు ఆ వేళకు అలవాటు పడుతుంది. దీనికోసం రాత్రి గంట ముందు పడుకోవాలి. ఫోను పక్కన పెట్టాలి.

మీరు అక్కడ ఏమి తింటున్నారో వ్రాయలేదు. క్యాంపు మెస్సుల్లో సాధారణంగా ఉండేది ఖుబూస్, పప్పు, ఉల్లిపాయలు దండిగా వేసిన కూర. గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, శనగలు, రాజ్మా, వీటిలోని కొన్ని పిండి పదార్థాలు చిన్నపేగులో సరిగా అరగక పెద్దపేగులో పులిసి గ్యాసవుతాయి. మామిడి, పుచ్చకాయ, ఖర్జూరాలు, కొందరికి పాలు, ఇవీ అంతే. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు ఈ పదార్థాల మీద పరిశోధించి ఒక పథ్యం రూపొందించారు. నాలుగు నుంచి ఆరు వారాలు వాటిని తగ్గించి, తరువాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసి, పడనిది మాత్రం మానాలి. జీవితాంతం అన్నీ మానెయ్యడం పథ్యం కాదు, శిక్ష.

వంతులవారీగా వండుకునే గదుల్లో ఇంత పథ్యం సాగదని నాకు తెలుసు. కనుక చేతనైనంత చెయ్యండి. మీకు అన్నం మంచిది, ఖుబూస్ బదులు అదే తినండి. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి, తీసిపారేసి, ఆ నూనెతో పోపు పెట్టుకోండి. వాసన నూనెకు పడుతుంది, గ్యాసు చేసే పదార్థం రాదు. ఉల్లిపాయకు బదులు చిటికెడు ఇంగువ, జీలకర్ర వాడండి. చిక్కటి పాల టీ రెండు కప్పులకు మించవద్దు. ఎనర్జీ డ్రింకులు, చక్కెర లేని చూయింగ్ గమ్ మానండి. ఇసబ్గోల్ రోజుకు ఒక చెంచాతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగుతూ నెమ్మదిగా పెంచవచ్చు. అది పలుచని విరేచనాన్ని గట్టిపరుస్తుంది, గట్టి దాన్ని మెత్తపరుస్తుంది.

ఉద్యోగం మానాలా?

ఇప్పుడే వద్దు. ముందు రెండు పనులు చెయ్యండి. మొదటిది, డాక్టరు దగ్గర చీటీ తీసుకుని మీ ఫోర్‌మన్‌కు చూపించండి. జబ్బు పేరు చెప్పనవసరం లేదు. "నాకు పేగుల జబ్బు ఉంది, అవసరమైనప్పుడు అయిదు నిమిషాలు వెళ్ళి రావాలి, బస్సులో తలుపు దగ్గర సీటు కావాలి" అంటే చాలు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. ఆ విరామంలో తినండి, పడుకోండి.

రెండవది, మీ భార్యకు చెప్పండి. ఆరేళ్ళుగా ఫోనులో "బాగానే ఉన్నాను" అంటున్నారు. ఆ మాటలోని బరువు ఆమెకు తెలియకుండా ఉంటుందని ఎందుకనుకుంటారు? చెబితే జబ్బు పోదు. కాని దాచుకోవడానికి పడే శ్రమ పోతుంది. ఈ జబ్బులో సగం బాధ ఆ శ్రమే.

ఆరు వారాలు ఈ పద్ధతి పాటించండి. ఒక నోటు పుస్తకంలో ఏమి తిన్నారు, ఎన్నిసార్లు వెళ్ళారు, ఎంత నిద్రపోయారు అన్నది రోజూ రెండు ముక్కలు వ్రాసుకోండి. డాక్టరుకు ఆ పుస్తకమే సగం పరీక్ష. పూర్తిగా పోతుందని నేను మాట ఇవ్వను. మీరు చెప్పినట్టు వినేలా చేసుకోవచ్చునని మాత్రం చెప్పగలను.

ఇంత చేసినా, మరుగుదొడ్డికి కూడా వెళ్ళనివ్వని చోట పని చెయ్యవలసి వస్తే, అప్పుడు చోటు మార్చుకోవడం కూడా చికిత్సే. వర్క్‌షాపు పనో, క్యాంపుకు దగ్గరి సైటో అడిగి చూడండి. అదీ కుదరక ఇంటికి వచ్చినా ఓడిపోయి వచ్చినట్టు కాదు. అప్పు నాలుగు లక్షలు నెమ్మదిగా తీరుతుంది. మనిషి ఉండాలి కదా!

ఆరు వారాల తరువాత ఎలా ఉన్నదీ మళ్ళీ వ్రాయండి.